మూడు గంటలకు మోగిన బ్లూటూత్

ఈ పొద్దున మా అమ్మాయి తన హెడ్‌ఫోన్లు తెచ్చి నా ఒళ్లో పడేసింది. ఫోనుతో ఎంతకీ కలవడం లేదట. చెవులకు పెట్టుకుని బటన్ నొక్కాను. సన్నగా ఒక కూత వినిపించింది, దాని వెనకే ఖాళీ కుండకు చెవి ఆనించినట్టు ఒక హోరు. దీపం రెండుసార్లు మిణుకుమని నీలంగా నిలబడిపోయింది. నిలబడిందంటే అది ఎవరినీ వెతకడం లేదని, అప్పటికే ఎవరితోనో కలిసి ఉందని అర్థం. నా ఫోను కాదు, పిల్ల ఫోనూ కాదు. ఇన్నేళ్లుగా ఇదే పని చేస్తున్నాను, అయినా ఆ నీలం దీపం కదలకుండా నిలబడితే ఇప్పటికీ నా చేతుల మీద వెంట్రుకలు లేస్తాయి. "ఇంట్లో ఇది ఇంకా దేనితో కలిసి ఉందే?" అని అడిగాను. వెతికితే బీరువా సొరుగులో పాత ట్యాబ్ ఒకటి బయటపడింది, ఆపడం మరిచిపోయారు. పిల్ల నవ్వుకుంటూ వెళ్లిపోయింది. నాకు నవ్వు రాలేదు. ఆ ప్రశ్న నేను కనిపెట్టింది కాదు, కాసింపీరా అన్న నేర్పింది.

తొంభైలలో ఆయన ఆళ్లగడ్డలో రేడియోలు, టీవీలు బాగుచేసేవాడు. నేను బడికి పోయే రోజుల్లో మా ఇంట్లో టీవీకి ఒక రోగం పట్టుకుంది. పగలంతా బాగుండేది, సాయంత్రం ఆరు కాగానే బొమ్మ నిండా గీతలు. అంగడికి మోసుకుపోతే శుభ్రంగా ఆడేది. మూడోసారి ఆయనే ఇంటికి వచ్చాడు. సంచి కూడా విప్పకుండా టీవీ పెట్టించి, రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు. రెండు గ్లాసుల టీ అయింది. మెకానిక్కును పిలిస్తే ముని వచ్చి కూర్చున్నాడని మా అమ్మ వంటింట్లో గొణిగింది. ఆరు దాటగానే గీతలు మొదలయ్యాయి. ఆయన లేచి, చెప్పులు వేసుకుని, మాటైనా చెప్పకుండా వీధిలోకి వెళ్లిపోయాడు. కాసేపటికి తిరిగొచ్చేసరికి బొమ్మ అద్దంలా ఉంది. వెనక సందులో రోజూ ఆరింటికి మొదలయ్యే పిండిమర ఉంది, దాని మోటారు చెడి నిప్పురవ్వలు చిమ్ముతోందట, దాన్ని సరిచేసి వచ్చాడు. "సామాను యాడ చెడతాందో ఆడికే పోవల్లమ్మా. అంగట్లో పెట్టుకోని సూస్తే ఏం తెలుస్తాది?" అన్నాడు మా అమ్మతో. ఆ వేళ మా టీవీ మీద ఆయన వేలు కూడా పడలేదు.

తరవాత రేడియోల కాలం చెల్లిపోయింది. ఆయన నంద్యాలకు మారి సెల్‌ఫోన్లు బాగుచేసే షాపు పెట్టాడు. నేను ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేతబట్టుకుని అక్కడే పనికి కుదిరాను. నాకు ఒళ్లంతా తొందర. ఫోను కౌంటరు మీదకు రాగానే స్క్రూలు విప్పేదాన్ని. ఆయన కళ్లద్దాల పైనుంచి చూసి, "చేతులు ఒళ్ళో పెట్టుకో పాపా," అనేవాడు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. చదువుకోని మనిషి, డిప్లొమా చదివినదానికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో చెబుతున్నాడని లోపల సణుక్కునేదాన్ని. అప్పటి నా పొగరు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ప్రమీల ఆ షాపుకే వచ్చింది. ముప్పై ఏళ్లుండవు, ఆళ్లగడ్డలో ఇంటి దగ్గరే జాకెట్లు కుట్టేది. భర్త ఓబులేసు ఆళ్లగడ్డ నుంచి అహోబిలానికి జీపు తోలుతూ, ఆరు నెలల కిందట ఆ దారిలోనే జీపు బోల్తాపడి చనిపోయాడు. అతను చెవికి పెట్టుకునే బ్లూటూత్ సెట్టు ఆమెకు మిగిలింది. దాన్ని తన ఫోనుకు కలుపుకుంటే మిషను తొక్కుతూనే మాట్లాడుకోవచ్చని ఆమె ఆశ. కానీ అది కలవడం లేదు. నేను షాపు ఫోనుతో చూశాను, క్షణంలో కలిసింది. సెట్టు బాగుంది, నీ ఫోనే పాడైందని చెప్పి పంపేశాను. వారం తరవాత తన ఫోనుతో సహా వచ్చింది. షాపులో రెండూ చక్కగా కలిశాయి. నీకు వాడటం రాదని, బటన్ ఎంతసేపు నొక్కాలో చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పి మళ్లీ పంపాను.

మూడోసారి వచ్చినప్పుడు ఆమె బాగుచేయమని అడగలేదు. కళ్ల కింద నల్లగా, మనిషి సగమైంది. కౌంటరు మీదకు వంగి మెల్లగా అంది.

"అక్కా, ఇది మనిషిని గుర్తుపెట్టుకుంటాదా?"

ఇంట్లో సెట్టు ఆన్ చేయగానే నీలం దీపం నిలబడిపోతుందట. రోజూ మూడు గంటలప్పుడు చెవిలో మోగుతుందట. బటన్ నొక్కితే మాట ఉండదు, ఊపిరి మాత్రం వినిపిస్తుంది. ఆ ఊపిరి వెనక దూరంగా "అహోబిలం, అహోబిలం" అని జీపుల వాళ్ల కేకలు. ఓబులేసు రోజూ మూడు గంటల ట్రిప్పుకు అలాగే అరిచి మనుషుల్ని ఎక్కించుకునేవాడు. తానేం మాట్లాడేది కాదట, మాట్లాడితే పోతాడేమోనని. ఈ సంగతి పుట్టింటికి తెలిసింది. గాలి సోకిందని, వచ్చే శుక్రవారం వాళ్లన్న వచ్చి దయ్యాలు వదిలించే చోటికి తీసుకుపోతాడట. అక్కడ వేపబరికెలతో కొడతారని ఆమెకు తెలుసు. దెబ్బలకంటే, దెబ్బలకు ఆయన నిజంగానే వెళ్లిపోతాడేమోనన్న భయమే ఆమెకు ఎక్కువగా ఉంది. అంతవరకు వెనక కూర్చుని వింటున్న కాసింపీరా అన్న, ఇంట్లో ఇంకెవరున్నారని అడిగాడు. అత్త నరసమ్మ ఉందట. జీపు బోల్తాపడిన రోజు ట్రిప్పుకు ప్రమీలే పంపిందని నింద వేసి, ఆరు నెలలుగా ఆమె కోడలితో మాట మాట్లాడలేదు. అన్నం ఎవరికి వారే వడ్డించుకుని తింటారు.

మర్నాడు షాపు మూసి మేమిద్దరం ఆళ్లగడ్డ బస్సెక్కాం. మేం చేరేసరికి ఎండ మండిపోతోంది. నరసమ్మ ఇంట్లో లేదు. రెండు గదుల ఇల్లు, ముందు గదిలో కుట్టు మిషను, గోడకు ఓబులేసు ఫోటో. ప్రమీల సెట్టు ఆన్ చేసింది, నీలం దీపం నిలబడింది. ఆమె ఫోనులో వెతికితే సెట్టు కనబడనే లేదు. ఆమె దాన్ని చెవికి పెట్టుకుని మిషను తొక్కుతూ కూర్చుంది. కాసింపీరా అన్న చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు. కాసేపయ్యాక, "పాపా, నీ ఫోన్లో బ్లూటూత్ పెట్టి సూడు. చుట్టుపక్కల ఏమేం ఉండాయో," అన్నాడు. వెతికాను. జాబితాలో మొదట ప్రమీల ఫోను వచ్చింది. దాని కింద, చిన్న తెరమీద, ఒక్కొక్క అక్షరం నాకిప్పటికీ కనిపిస్తుంది, ఓబులేసు పేరు వచ్చింది. మిషను ఆగిపోయింది. గదిలో మేం ముగ్గురమే ఉన్నాం. చదివిన డిప్లొమా ఆ క్షణం ఎక్కడికి పోయిందో తెలియదు.

అప్పుడే ప్రమీల చెవిలో సెట్టు మోగింది. ఆమె బటన్ నొక్కి కళ్లు మూసుకుంది. కాసేపటికి కాసింపీరా అన్న చెయ్యి చాపాడు, ఆమె ఇవ్వలేక ఇవ్వలేక ఇచ్చింది. ఆయన విని నా చేతిలో పెట్టాడు. నేనూ విన్నాను. ఊపిరి. ఎవరో చెవికి ఆనుకుని పీలుస్తున్నట్టు, చివర కొంచెం గురకతో. వెనక అహోబిలం, అహోబిలం. టక్కుమని ఒక నాణెం పడిన చప్పుడు. ఆ చప్పుడు వినగానే ఆయన లేచి చెప్పులు వేసుకున్నాడు. పిండిమర నాటిలాగే, ఒక్క మాట చెప్పలేదు. సెట్టు ప్రమీల చేతిలో పెట్టి నేను వెంట పరిగెత్తాను.

జీపులు నిలబడే చోట కిళ్లీ అంగడి ముందు ఎర్రటి కాయిన్ బాక్సు ఫోను ఉంది. ఒక ముసలామె రిసీవరును రెండు చేతులతో చెవికి అదుముకుని, కళ్లు మూసుకుని నిలబడి ఉంది. నడుముకు తాళంచెవి వేలాడుతోంది. ఇంకో రూపాయి వేసింది. పక్కన జీపువాడు గొంతు చించుకుంటున్నాడు. ఆమె ఎవరో ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. పరుగున పోయి, నీ కొడుకు కాదమ్మా, నీ కోడలి ఊపిరే నువ్వు వింటున్నావని చెప్పేయాలనిపించింది. కాసింపీరా అన్న నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"నిలబడు పాపా. ఆమె పెట్టేసినాక పోదాం."

పెట్టేశాక ఆయన దగ్గరికి వెళ్లి, రేడియో కాసింపీరాను, గుర్తుపట్టావా అక్కా అని పలకరించాడు. గుర్తుపట్టింది. సోడా తాగించి, మెల్లగా ఒక్కొక్కటే అడిగాడు. కొడుకు ఫోను ఆమె ట్రంకు పెట్టెలోనే ఉంది. పోయినవాడికి దీపం పెట్టినట్టు, కోడలు జాకెట్లు ఇచ్చి రావడానికి బయటికి పోయినప్పుడల్లా చార్జింగు పెట్టి, మోగకుండా చేసి, మళ్లీ తాళం వేసేది. ఫోను చేస్తే ఓబులేసు కాలర్ ట్యూన్‌గా పెట్టుకున్న స్వామి పాట వినిపించేది. ఆ పాట కోసమే మొదట్లో ఇక్కడికి వచ్చేది. ఒకరోజు పాట మధ్యలో ఆగి, ఎవరో ఫోను ఎత్తారు. "పెట్టె తాళం నా నడుముకే ఉండాదప్పా. ఎవురెత్తుతారు? వాడే," అంది నరసమ్మ. మాట్లాడితే పెట్టేస్తాడని ఆమె కూడా ఊరుకుంది. నాకు అప్పుడు ఏడుపొచ్చింది. రోజూ ఒకరి ఊపిరిని ఒకరు చచ్చిపోయిన మనిషిదని వింటూ, ఇంటికొచ్చి ముఖాలు తిప్పుకుని అన్నం తింటున్నారు ఇద్దరూ.

ఆ రకం చవక సెట్లు ముందు తమకు మొదట కలిసిన ఫోనునే వెతుక్కుంటాయి. అది పక్క గదిలో ఉంటే ఇంకెవరికీ అందవు. పాత ఫోను ఆపేస్తే పని అయిపోతుంది. ఆ మాటే ఆయనతో అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. నరసమ్మతో ఒక్కటే చెప్పాడు. "రేపు కూడా చెయ్యక్కా. ఈసారి అవతల మాట ఇనిపిస్తే పెట్టేయొద్దు." ఇంటికి వెళ్లి ప్రమీలకు చెప్పాడు. "రేపు మోగితే ఊరికే ఉండొద్దు తల్లీ. అన్నం తిన్యావా అని అడుగు. ఎవురైనా కానీ, అడుగు." బస్సులో నేను ఆయనతో పోట్లాడాను. నిజం చెప్పకుండా వచ్చేశామని, శుక్రవారం దగ్గరికొచ్చిందని. ఆయన కిటికీలోంచి చూస్తూ, మనం చెప్తే రెండు ఫోన్లే బాగవుతాయి పాపా అని మాత్రం అన్నాడు.

శుక్రవారం షాపు తెరిచే వేళకు ఇద్దరూ వచ్చారు, అత్తా కోడలూ. వెనక ప్రమీల అన్న, ఏమీ అర్థం కాని ముఖంతో. జరిగింది ప్రమీలే చెప్పింది. మేం వచ్చిన మర్నాడు మూడు గంటలకు మోగిందట, అన్నం తిన్యావా అని అడిగిందట. ముందు జీపువాళ్ల కేకలే వినిపించాయట. తరవాత, "తినల్యా మే. నువ్వు?" అని అత్త గొంతు. ఆ రోజు నరసమ్మ జీపుల దగ్గర్నుంచి ఇంటిదాకా ఏడ్చుకుంటూ నడిచొచ్చిందట, ప్రమీల వీధి మలుపుదాకా ఎదురెళ్లిందట. సెట్టులోంచి పాత పేరు తీసేయనా అని అడిగాను. ఇద్దరూ ఒకేసారి వద్దన్నారు. తరవాత చాలాకాలం నరసమ్మ మూడింటికి ఆ కాయిన్ బాక్సు దగ్గరికి పోయి ఇంటికి ఫోను చేసేదని, కూర ఏం చేశావని అడిగేదని విన్నాను.

కాసింపీరా అన్నకు చివర్లో పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. అప్పటికి నా షాపు నాకుంది. అప్పుడప్పుడు ఆయన నంబరు నుంచి ఫోను వచ్చేది. అవతల ఊపిరి మాత్రమే. ఆ పూట ఏం బాగుచేశానో, ఎక్కడ తొందరపడ్డానో చెప్పేదాన్ని. అయిపోయాక టక్కున పెట్టేసేవాడు.

ఆయన పోయిన నెలకు, ఒక మధ్యాహ్నం, అదే నంబరు నుంచి మోగింది. ఎత్తాను. మాట లేదు. ఊపిరి ఉంది. ఆయన భార్య అయి ఉండొచ్చు, మనవడు అయి ఉండొచ్చు. ఎవరని అడగడానికి నోరు తెరిచి ఆగిపోయాను. చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టి, ఆ చెయ్యి ఒడిలో పెట్టుకున్నాను.

"అన్నం తిన్యావా?" అన్నాను.