తిరుమలమ్మ పలకని పూట

ఉదయం ఏడు గంటలకు పలమనేరు పక్క పల్లె నుంచి వెంకటముని తిరుపతిలోని కూతురికి ఫోన్ చేశాడు.

“మీ అమ్మ ఈ పొద్దు పలకలేదు మ్మా. పాలు పోసినాను, మిషను ఉలకదు. కేంద్రంలో తూకమేసే గిరిగాడు ఏమన్నాడో తెల్సునా? ‘అత్తకు నీ మీద కోపమొచ్చినట్లుండాది మామా’ అన్నాడు.”

తిరుమలమ్మ చనిపోయి రెండేళ్లయింది. అంతకు ఏడాది ముందు, కూతురు ప్రసన్నకుమారి పనిచేసే చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ పాలకేంద్రాల్లో తూకం చదివి వినిపించే ప్రోగ్రామును తయారుచేసింది. అప్పుడు ఆమె తల్లిని పశువుల కొట్టం ముందు కూర్చోబెట్టి, సున్నా నుంచి ఇరవై దాకా లీటర్ల లెక్క చెప్పించి రికార్డు చేసింది. వెంకటమునికి పాలిచ్చే ఆవు ఒక్కటే. రోజూ ఆ గొంతు అతనికి “ఆరు లీటర్లు” అని చెబుతుంది.

ప్రోగ్రాము కోడు, దానిలో జరిగిన ప్రతి మార్పు, ఒక రిపోజిటరీలో ఉంటాయి. గొంతు ఫైళ్లది దాని లోపల ఉన్న మరో రిపోజిటరీ. బయటిది లోపలిదాన్ని మోయదు. అది ఎక్కడుందో, దాని ఏ నాటి రూపం కావాలో మాత్రమే గుర్తుంచుకుంటుంది. విడిగా తెప్పించుకోకపోతే ఫోల్డరు పేరుకు ఉంటుంది, లోపల ఏమీ ఉండదు.

ప్రోగ్రామును, దానికి కావలసినవాటిని ఒకే మూటగా కట్టి కేంద్రాలకు పంపుతారు. ఆ మూటనే కంటైనర్ ఇమేజ్ అంటారు. ముందురోజు మూట కట్టే యంత్రం మారింది. కొత్తది గొంతును తెప్పించుకోకుండా ఖాళీ ఫోల్డరునే కట్టి పంపింది. గొంతు దొరక్కపోయినా తూకం ఆగకూడదని, మౌనంగా సాగిపొమ్మని రాసింది ప్రసన్నకుమారే.

ఆఫీసులో ఆమె ఇది కనిపెట్టి గొంతు ఫైళ్లు తెప్పించబోతుంటే, పక్క సీట్లోని త్రివిక్రమ్ తొంగిచూశాడు. “ఎట్లాగూ తెప్పిస్తుండావు గదా, పోయిన నెల నేను పెట్టిన కొత్త గొంతే తెచ్చేయ్. ఆ పాతదాంట్లో కోడి కూస్తాది ప్రసన్నా!”

“కేంద్రాలోళ్లు అడిగినారా?”

“ఇంకా లేదులే. ఎప్పుడో ఒకప్పుడు అడుగుతారు.”

“అడిగినాకే మారుద్దాం.”

బయటి రిపోజిటరీ గుర్తుపెట్టుకున్న పాత రూపాన్నే ఆమె తెప్పించింది. ఇకపై ఫోల్డరు ఖాళీగా ఉంటే మూట కట్టడమే ఆగిపోవాలని ఒక వాక్యం చేర్చింది.

మర్నాడు మళ్లీ ఫోన్ వచ్చింది. “పలికినాది మ్మా.”

ఆమె దాచలేదు. “ఎప్పుడో ఒకనాడు గొంతు మారుస్తారు నాయనా.”

“మిషన్లో నేను ఆరు తప్ప వినలేదు. పది ఎట్లంటాదో వినల్లని ఉండాది.”

“ఇరవై దాకా నా దగ్గరుండాది. ఫోన్‌కు పంపిస్తా.”

“వద్దు మ్మా. పెయ్య సూడితో ఉండాది, ఈనేదానికి నాలుగు నెల్లు. రెండింటి పాలూ కలిపి పది పోసి వింటా. అంతవరకు ఆపుతావా?”

“ఆపుతా నాయనా.”

ఆమె తెర మీద ‘పది’ ఫైలు తెరిచి ఉంది. వినకుండానే మూసింది.