రొట్టెల తాతకు దొరికిన జవాబు

రొట్టెల తాత ముప్పయ్యేళ్లుగా బేకరీలో పిండి పిసికి పిసికి, ఎవరి చెయ్యి పట్టుకున్నా బొటనవేలితో ఒక నొక్కు నొక్కి చూస్తాడు. గోధుమల్లో ఉండే, కొందరి కడుపుకి పడని గ్లూటెన్ అనే జిగురు పదార్థం మీద గ్రంథాలయంలో ఒక డాక్టరమ్మ ఉపన్యాసమని తెలిసి, ఉతికిన చొక్కా తొడుక్కుని ముందు వరుసలో కూర్చున్నాడు. చెవి వెంట్రుకల్లో పిండి మాత్రం అలాగే ఉంది. మనవరాలికి నెల్లాళ్లుగా కడుపునొప్పి. అది రోజూ తినేదేమో తాత రొట్టె. డాక్టరమ్మ మాట్లాడుతున్నంతసేపూ, "ఇప్పుడు ఏదో పొడి డబ్బా తీసి అమ్ముతుంది చూడు" అంటూ పక్కనున్న టైలర్ని మోచేత్తో పొడుస్తూనే ఉన్నాడు. ఆవిడ ఏ డబ్బా తియ్యలేదు. చివరికి తాతే లేచాడు.

"అమ్మా, మా పిల్ల నొప్పి నా రొట్టెవల్లేనా?"

"తెలీదు తాతగారూ. రక్తపరీక్ష చేయించాలి. అంతదాకా రొట్టె మాన్పించకండి, మాన్పిస్తే జబ్బున్నా పరీక్షలో బయటపడకపోవచ్చు."

"తెలీదందిరా! అయితే నమ్మొచ్చు," అన్నాడు తాత టైలరుతో, కుర్చీలో కూలబడుతూ.

మర్నాడు పొద్దున, ఆస్పత్రికి బయల్దేరేముందు, ఎప్పటిలాగే ముక్క కోసి మనవరాలికిచ్చాడు.

"ఏంటి తాతా, అలా చూస్తున్నావ్?" అంది అది నములుతూ.

"ఏం లేదు, తిను," అన్నాడు, పొయ్యిలో పెట్టిన రొట్టెను చూసినట్టు, ఆ ముఖం మీంచి కళ్లు తిప్పకుండా.