పాడు రేడియో

మా బావ ప్రూఫ్ రీడరు. పాఠ్యపుస్తకాలు అచ్చువేసే ప్రెస్సులో కిటికీ పక్కన కూర్చుని ఇరవై రెండేళ్ళుగా ఇతరుల తప్పులు దిద్దుతున్నాడు. ఎక్కడో నూట పదో పేజీలో ఒక ఒత్తు ఎగిరిపోతే ఆయన కంటికి ఇట్టే దొరుకుతుంది. అదే మనిషి కుర్చీ కొనుక్కొచ్చి, దానికి నాలుగో కాలు లేదన్న సంగతి కూర్చున్నాక తెలుసుకుంటాడు.

ఇలాంటివన్నీ ఆదివారం సంత నుంచి వస్తాయి. బస్టాండు వెనక మైదానంలో పాత సామాన్లు దుప్పట్ల మీద పరిచి అమ్ముతారు. పళ్ళేలు లేని త్రాసు, ఒకే ముల్లున్న గడియారం, లోపల ఏమీ లేని టెలిఫోను, 'మ' అక్షరం పడని టైపు మిషను, అన్నీ బావ దృష్టిలో పాతకాలపు సొగసులే. అక్క వాటిని పిలిచే పేరు వేరు, అది ఇక్కడ రాయను. వాళ్ళది రెండు గదుల ఇల్లు. రెండో గది తలుపు ఇప్పుడు సగమే తెరుచుకుంటుంది. బావ పక్కకి తిరిగి దూరగలడు, అక్క దూరలేదు. ఆవిడ బట్టల బీరువా మాత్రం ఆ గదిలోనే ఉంది. ఏ బట్టలు కావాలన్నా రంగు చెప్పి బావని లోపలికి పంపాలి. బావకి అక్షరాలు తెలిసినంత బాగా రంగులు తెలియవు.

ఇలా ఉండగా ఒక ఆదివారం సెలూన్ కుర్చీ వచ్చింది. నలుగురం మోసుకొచ్చాం. గుమ్మంలో ఇరుక్కుని అటూ ఇటూ కాకుండా ఆగిపోతే, అక్క అందులోనే కూర్చుని తీర్పు చెప్పేసింది. "వచ్చే ఆదివారం మీరు తెచ్చేది పనిచేస్తే సరి. చెయ్యలేదో, ఇక మీకు ఆదివారాలు లేవు."

నాకు నవ్వొచ్చింది గానీ బావ మొహం వాడిపోయింది. నన్ను పక్కకి తీసుకెళ్ళి చెప్పాడు. "ఆరు రోజులు తప్పులు వెతుకుతాన్రా. ఆ ఒక్క రోజే తప్పులున్నవాటి మధ్య హాయిగా తిరుగుతా. అది కూడా లాగేసుకుంటే ఎలా?" నాకు నిజంగానే జాలేసింది. అందుకే మరుసటి ఆదివారం వెంట వెళ్ళాను.

ఆ రోజు బావ ఎంత నిగ్రహంగా ఉన్నాడంటే, చిల్లుపడ్డ డోలుని చూసి కూడా తల తిప్పుకున్నాడు. టోపీ అత్త కొట్టు దగ్గర మాత్రం కాళ్ళు ఆగిపోయాయి. ఎండకని ఎప్పుడూ టోపీ పెట్టుకుంటుంది కాబట్టి ఆవిడకా పేరు, ఇతరులకు పెడుతుందని కాదు. దుప్పటి మధ్యలో ఒక చెక్క రేడియో ఉంది. దాని ముందు పలక మీద సుద్దముక్కతో రాసి ఉంది: పాడు రేడియో.

బావ వంగి ఆ పలక మీద వేలు పెట్టాడు. "చూశావా? పాడే రేడియో అని రాయలేదు. పాడు రేడియో. పారు ఏరు, వీచు గాలి, అలాగన్నమాట. తద్ధర్మార్థక విశేషణంరా ఇది. పాడటం దీని స్వభావం. సంతలో ఇంత చక్కటి తెలుగు రాసేవాళ్ళున్నారని ఎవడనుకున్నాడు?"

నేను చదివింది లెక్కలు. ఆ విశేషణమేదో నాకు తెలియదు కాబట్టి తలూపాను. నేను చేసిన పాపం అంతే.

టోపీ అత్తని తప్పుపట్టడానికి లేదు. ఆవిడ శాయశక్తులా ప్రయత్నించింది. "అయ్యా, అది పాడండీ. చూసుకునే తీసుకోండి" అంది. చదివానమ్మా అన్నాడు బావ. మళ్ళీ వచ్చి నన్ననకూడదని ఆవిడంటే, అందుకేగా తీసుకుంటున్నది అన్నాడు. ఆవిడ బావని ఎగాదిగా చూసి, ఈయన్ని ఒంటరిగా వదలకు అన్నట్టు నావైపు తిరిగి తల పంకించింది. సంతలో కరెంటు లేదు కాబట్టి పెట్టి చూసే ప్రసక్తి రాలేదు.

ఇంటికెళ్ళి, అక్కని పిలిచి కూర్చోబెట్టి, ప్లగ్గు పెట్టాడు. రేడియో పాడలేదు. టప్పుమంది. ఆ తర్వాత ఫ్యాను ఆగిపోయింది, ఫ్రిజ్జు ఆగిపోయింది, పక్కింటాయన వచ్చి మీ ఇంట్లోనూ పోయిందా అని అడిగాడు.

అక్క కేకలేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. మేకుకి వేలాడుతున్న బావ సంత సంచి తీసి, దులిపి, అందులో ఉల్లిపాయలు పోసి వంటింట్లో పెట్టుకుంది. బావ ఆ సంచిని చూసిన చూపు నేను చూడలేకపోయాను.

అప్పటికప్పుడు రేడియో చంకనపెట్టుకుని సంతకి బయల్దేరాడు. మోసం చేశారని నిలదీశాడు. టోపీ అత్త నెమ్మదిగా, పాడు అంటే పాడే కదయ్యా, ఉన్నది ఉన్నట్టే రాశాను కదా అంది. బావ పారు ఏరు, వీచు గాలి మళ్ళీ మొదలుపెట్టాడు. చుట్టూ జనం చేరారు. పక్కన తాళాలు అమ్మే ముసలాయన అంతా విని, పాడు కొంప అంటే పాటలు పాడే కొంపా అని మర్యాదగానే అడిగాడు. బావ పలకని మళ్ళీ ఒకసారి చదువుకున్నాడు. ఇరవై రెండేళ్ళలో చదవడంలో పప్పులో కాలేయడం ఆయనకిదే మొదటిసారి.

అయినా వృత్తి ఊరుకోనివ్వదు కదా. సుద్దముక్క అడిగి తీసుకుని, 'పాడు' కొట్టేసి 'పాడైన' అని దిద్దాడు. పక్కనే ఉన్న ఇస్త్రీ పెట్టె పలక చూశాడు. 'పాడు ఇస్త్రీ పెట్టె' అని ఉంది. చెరిపేసి, 'ఇస్త్రీ పెట్టె. వేడెక్కదు. కాగితాలు ఎగరకుండా పెట్టుకోవడానికి దీనికి సాటిలేదు' అని రాశాడు. చదివినవాళ్ళు నవ్వారు. నవ్వినవాళ్ళలో ఒకాయన దాన్ని కొనేశాడు. మిగతా పలకలూ అలాగే రాసేసరికి, సాయంత్రానికి సగం దుప్పటి ఖాళీ అయింది. ప్రతి ఆదివారం వచ్చి పలకలు రాసిపెట్టమని టోపీ అత్త బతిమాలింది.

తనకి ఆదివారాలు లేవని బావ ఆవిడతో చెప్పలేకపోయాడు. అక్కతో రాయబారం నా మెడకు చుట్టుకుంది. బావ ఇక కొనడే, అమ్మిపెడతాడంతే అని గంటసేపు నచ్చజెప్పాను. నమ్మలేదు. కళ్ళారా చూసి తేలుస్తానంది.

ఆదివారం వచ్చింది. టోపీ అత్త కొట్టులో పలకలు రాసిపెట్టి, బావ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అక్క పలకలన్నీ ఒక్కొక్కటే, పరీక్ష పేపర్లు దిద్దుతున్నట్టు చదువుతూ నడిచింది. ఎక్కడా నవ్వలేదు. చివర ఒక పాత కుట్టు మిషను దగ్గర ఆగింది. 'కుట్టదు. తొక్కితే చక్కగా తిరుగుతుంది. కూర్చుని ఏదైనా ఆలోచించుకునేవాళ్ళకి' అని ఉంది.

అక్క స్టూలు లాక్కుని కూర్చుంది. తొక్కింది. చక్రం తిరిగింది. ఇంకాస్త తొక్కింది. పావుగంట గడిచింది, అరగంట గడిచింది, ఆవిడ లేవలేదు.

"ఏమండీ, దీన్ని ఎక్కడ పెడదాం?" అంది.

బావ నిజం చెప్పేశాడు. "మనింట్లో చోటు లేదే."

అక్క కాలు ఆపకుండానే ఆలోచించింది. "అయితే ఇక్కడే ఉండనీండి. ఆదివారం ఆదివారం మీతో వచ్చి తొక్కుకుంటా."

బావ గబగబా ఆ పలక చెరిపి, 'అమ్మకానికి కాదు' అని రాయబోయి, 'అమ్మానికి కాదు' అని రాశాడు. అక్షరం ఎగిరిపోయిందని చూపించాను.

"ఉండనీరా" అన్నాడు బావ.