ఐదు పచ్చపోగుల పట్టీ

అంబాదాస్ మామకు పచ్చగా ఉన్నదేదీ కనపడకూడదు. కనపడిందా, జేబులోంచి పట్టీ బయటికొస్తుంది. అట్టముక్క మీద వరసగా చుట్టిన ఐదు నూలుపోగులు. లేత చిలకపచ్చ ఒకటో నంబరు, సీసాపచ్చ ఐదో నంబరు. అటుకుల పోహా పెడతారని వెళ్లిన వ్యవసాయ సభలో పంచిన రంగుల కార్డుకు అది నకలు. మక్కజొన్న ఆకు నాలుగో రంగుకన్నా లేతగా ఉంటేనే యూరియా వేయాలట. "కాగితం రంగు ఎండకు వెలుస్తది" అని, ముప్పై ఏళ్లుగా మగ్గం మీద నూలు చూసిన కళ్లతో మామ సొంతంగా చేసుకున్నాడు.

ఆనాటినుంచి షోలాపూర్ నీలం నగర్‌లో కొత్తిమీర కొనడం కష్టమైంది. అశోక్ చౌక్‌లో జరిగిన పెళ్లిలో పెళ్లికూతురి పచ్చచీరకూ పట్టీ ఆనించాడు.

"ఐదు! ఈ పిల్లకు యూరియా వద్దు."

"మరి నాకు మామా?" అన్నాడు పెళ్లికొడుకు.

కరెంటు పోయి మరమగ్గాలు ఆగితే షెడ్డంతా చెమటలు.

"ఈ ఉక్కపోత ఎవరిదో ఎరికేనా?" అనేవాడు మామ. "హోట్గి రోడ్డు చేన్లల్ల యూరియా సంచులకు సంచులు కుమ్మరించినోళ్లది! మొక్క తినంగ మిగిలింది నవ్వుల గ్యాసయ్యి మీదికి పోతది. గా గ్యాసు మనిషి పీలిస్తే నవ్వుతడు. ఆకాశం పీలిస్తే మనం కాలుతం."

అందరూ నవ్వేవారు, పక్క మగ్గం నిలేష్ తప్ప. పాత పుస్తకాలు కొని చదువుకున్న నిలేష్‌కు షోలాపూర్‌లో తనొక్కడే తెలివైనవాడు. ఆ సంగతి ఊరికి తెలియకపోవడమే అతని బాధ. బీడీలు చుట్టీ చుట్టీ దగ్గు పట్టిన తల్లి సుశీల, ఈసారి హోట్గి రోడ్డు పక్కన ఎకరం కౌలుకు తీసుకుని మక్క వేసింది. పంట వస్తే బీడీల చాటకు సెలవు.

"రెండో విడత యూరియా నువ్వేస్తవా బిడ్డా?" అని అడిగింది.

"నేను మగ్గంమీద మనిషిని. నాకెందుకే మన్ను?" అన్నాడు కానీ, ఆమె దగ్గు విని ఆదివారం చేనులో యూరియా సంచి ఎత్తబోయాడు. దాని మీద మామ కూర్చుని ఉన్నాడు.

"గుప్పిళ్లతోని జల్లుతవా? ముందు నా నెత్తిన జల్లు."

"పంట పోతే అమ్మ మళ్లా చాట ముందట కూసుంటది. నీ ఆకాశమొచ్చి బీడీలు చుడతదా?"

మామ సంచి మీదినుంచి లేచి వెళ్లిపోయాడు. మర్నాడు సంచి మాయమైంది. ఎత్తుకెళ్లింది మామేనని నిలేష్ నెల రోజులు అతనితో మాట్లాడలేదు; సంచి పోయిందని తల్లికీ చెప్పలేకపోయాడు. మామ మగ్గం దగ్గర కునికితే, "కాయ్ రే, ఏంది, ఆకాశం నిద్రపోనిస్తలేదా?" అని గాలికి చెప్పినట్టు వెక్కిరించాడు. మామ మోకాళ్లకు ఎప్పుడూ మట్టే.

పంట కోతకొచ్చిన రోజు సుశీల ఒడినిండా కంకులతో షెడ్డుకే వచ్చింది.

"నా కొడుకు బంగారం! తెల్లారకముందే పోయి, రోజుకిన్ని మొక్కలని, చెంచతోని గుంత తీసి యూరియా పెట్టి మన్ను కప్పినవట! సంచి సగం మిగిలింది. నాకు చెప్పొద్దన్నవట!"

"ఎవరు... ఎవరు చెప్పిన్రు?"

"అంబాదాస్ అన్న."

మామ మొహం చూడలేక నిలేష్ అతని మట్టి మోకాళ్లు చూశాడు. మామ మాత్రం కంకి మీది పచ్చపొరకు పట్టీ ఆనించి, చాలా అవసరమైన పనిలో ఉన్నాడు.

"మామా," అన్నాడు నిలేష్, "వచ్చే పంటకు ఆ పట్టీ నాకియ్యి."

"ఇది నాది అల్లుడా."

మామ రెండో జేబులోంచి కొత్త పట్టీ తీశాడు. దానికి ముందే ఒక చెంచా కట్టి ఉంది.