చూలై సందులో నేను సర్దిన బిందెలు

చెన్నై, చూలై. ఏప్రిల్ మూడో గురువారం, మధ్యాహ్నం రెండు గంటలు.

ఈ ఊరు వచ్చి ఇది మూడో రోజు. ఇంటికి తిరిగి వెళ్లాక తీరిగ్గా రాద్దామనుకున్నాను. కాని ఈ ఉదయం నేను చేసిన ఒక పని వల్ల ఒకామె ఉద్యోగం పోయే స్థితికి వచ్చింది. అది నిలుస్తుందో లేదో రేపు తెల్లవారేసరికి తేలిపోతుంది. అందుకని జరిగింది జరిగినట్టు ఇప్పుడే రాస్తున్నాను. వీపు సంచీతో ఈ ఊరు రావాలనుకునేవాళ్లు చదివి జాగ్రత్తపడాలి.

మా అమ్మాయి కూతురు హారిక డిగ్రీ పరీక్షలు రాసి, చెన్నై నుంచి రామేశ్వరం దాకా సముద్రం వెంబడి వెళతానంది. తోడు వస్తానన్న స్నేహితురాలు ఆఖరి వారంలో మానేసింది. ఒంటరిగా పంపనని వాళ్ల నాన్న అన్నాడు. నేను వస్తానన్నాను. నాకు అరవై ఏడేళ్లు. ముప్పై నాలుగేళ్లు బళ్లో లెక్కలు చెప్పాను. చక్రాల పెట్టె తేకూడదని హారిక షరతు పెడితే దానికీ ఒప్పుకుని, ఆరు కిలోలకు మించకుండా సంచీ సర్దుకున్నాను. ఏలూరు నుంచి రాత్రి రైలు, స్లీపర్ మనిషికి మూడు వందల పదిహేను రూపాయలు.

సెంట్రల్ స్టేషన్ బయట అడుగుపెట్టగానే హారన్ల మోతకు నా చెవులు పనిచేయడం మానేశాయి. ఆటో అతను నా మాట విని తెలుగులోకి మారి, చూలైకి నూట యాభై అన్నాడు.

"రెండు కిలోమీటర్లకు నూట యాభయ్యా?"

"కిలోమీటర్లు రెండే అమ్మా. సిగ్నళ్లు ఎన్నుండాయో చూసినాక చెప్పు."

వందకు తీసుకొచ్చాడు. సిగ్నళ్లు నిజంగానే చాలా ఉన్నాయి. వాటిలో రెండింటి దగ్గర మాత్రమే ఆగాడు. లాడ్జిలో ఇద్దరికి గది తొమ్మిది వందలు, కిటికీ సందులోకి. మర్నాడు మెరీనాకు సిటీ బస్సులో వెళ్లాం. బస్సు స్టాపు దాటి యాభై గజాల అవతల ఆగింది. జనమంతా పరుగెత్తారు, నేనూ పరుగెత్తాను. ఇరవై ఏళ్లలో నేను పరుగెత్తడం అదే మొదటిసారి. మామూలు బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు ఉచితం, ఇది గుర్తుంచుకోండి. రెండు ఇడ్లీలు, ఒక వడ, కాఫీ మనిషికి డెబ్బై. ఇవన్నీ చూసి నిర్ఘాంతపోయానని అప్పుడు అనుకున్నాను. నిర్ఘాంతపోవడం అంటే ఏమిటో ఈ ఉదయం తెలిసింది.

ఐదు గంటలకు లేచి నడకకు బయలుదేరాం. లాడ్జి మెట్టు మీద నుంచి సందు మొదటి దాకా ప్లాస్టిక్ బిందెలు, ఖాళీవి, ఒక్క మనిషి కూడా లేకుండా, వంకరటింకరగా దారికి అడ్డంగా ఉన్నాయి. లెక్కపెట్టాను: ముప్పై ఎనిమిది. ఇంత అస్తవ్యస్తం నేను చూడలేను. నీలం ఒక చోట, ఆకుపచ్చ ఒక చోట, నారింజ ఒక చోట, పెద్దవి వెనక, చిన్నవి ముందు, గోడ వారగా పేర్చడం మొదలుపెట్టాను.

"అమ్మమ్మా, మనకెందుకు? వాళ్లవేవో వాళ్లు చూసుకుంటారు."

"దారి అందరిది. ఆ నారింజది ఇటు అందుకో," అన్నాను.

పది నిమిషాల్లో అయిపోయింది. వెనక్కి నిలబడి చూసుకుని, బాగుందనుకున్నాను.

నడక నుంచి వచ్చేసరికి సందు మొదట్లో నీళ్ల లారీ ఉంది, దాని చుట్టూ పదకొండు మంది ఆడవాళ్లు అరుచుకుంటున్నారు. అంతా తమిళం. డ్రైవరు పైపు మూసి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. మెడలో గుర్తింపు కార్డు వేసుకున్న ఒకామె, ముప్పై ఐదేళ్లుంటాయి, మా మాటలు విని నా వైపు తిరిగి తెలుగులో అడిగింది. పేరు కస్తూరి అని తరవాత తెలిసింది.

"లాడ్జిలో ఉండేది మీరేనా? ఈడ కుడాలు జరిపింది ఎవురో చూసినారా?"

కుడం అంటే ఈ బిందే. "నేనే సర్దాను, దారికి అడ్డంగా ఉంటే," అన్నాను.

పక్కనున్న ముసలావిడ, సరోజమ్మ, నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "అయ్యో, సర్దిందంట! అవ్వా, కుడం ఉండాదంటే ఆ మనిషి ఆడ నిలబడి ఉండాదని లెక్క. నాలుగున్నరకి పెట్టిపోయి వంట చేసుకుంటాము. నువ్వు మమ్మల్నందరినీ ఎత్తి గోడకి పెట్టేస్తివే!"

"రంగు చూసి పెట్టింది సూడు," అని ఇంకొకామె. "రేషన్ కార్డు కూడా అడిగుంటే బాగుండు."

నవ్వారు, కాని కస్తూరి నవ్వలేదు. ఆమె అంబత్తూరులో యంత్రాల విడిభాగాలు ప్యాకింగ్ చేసే చోట పనిచేస్తుంది. వాళ్ల వ్యాను ఆరూ నలభైకి మెయిన్ రోడ్డు మీద నుంచి కదులుతుంది. ఇంట్లో అత్తగారు మంచం మీద ఉంది, నీళ్లు లేకుండా వదిలి వెళ్లలేదు. లారీ వచ్చేది ఐదున్నరకు; రోజూ మొదటి ఐదు బిందెలు ఆమెవే.

"నువ్వు వెళ్లమ్మా, నీ నీళ్లు నేను పట్టి పెడతాను," అన్నాను.

"మీరా? వద్దవ్వా. ఇంకేం సర్దుతారో!"

ఎవరి బిందె ఏదో మెడకు కట్టిన గుడ్డనుబట్టి, రంగు చుక్కనుబట్టి తీసుకున్నారు. నా ముందర ఎవరు, నా వెనక ఎవరు అని ఒక్కొక్కరూ చెప్పుకుంటూ వరస మళ్లీ నిలబెట్టారు. డ్రైవరు పైపు తీసేసరికి ఆరూ ముప్పై ఐదు. కస్తూరి మొదటి బిందె నిండగానే ఎత్తుకుని రెండో అంతస్తుకు పరుగెత్తింది, దిగి రోడ్డుకు పరుగెత్తింది. వ్యాను వెళ్లిపోయిందని సరోజమ్మ చూసి వచ్చి చెప్పింది.

మిగిలిన నాలుగు బిందెలూ నేనూ హారికా మోశాం. మూడు హారిక మోసింది. నాది సగం సగం చేసి రెండు సార్లు ఎక్కాను. పది గంటలప్పుడు, మధ్యలో నీళ్లు ఒలికిన మెట్లు తుడుస్తుంటే, కస్తూరి తిరిగి వచ్చింది. సిటీ బస్సు పట్టుకుని వెళ్లిందట; గేటు దగ్గరే ఆపేశారు.

"ఈ నెలలో రెండుసార్లు లేటు. ఇది మూడోది. రేపు కూడా లేటయితే ఇంక రావద్దన్నాడు సూపర్‌వైజరు."

ముప్పై నాలుగేళ్లలో పిల్లల్ని ఎన్నిసార్లు గేటు బయట నిలబెట్టానో నాకే తెలియదు. చివరికి పర్సు తీశాను. "ఈ రోజు కూలి ఎంతమ్మా?"

"లోపల పెట్టండవ్వా, దుడ్డు వద్దు." చెప్పులు విప్పి మెట్టు మీద కూర్చుంది. "రేపు నా కుడాలు మీరు పెట్టండి, మీరే పట్టండి, మీరే ఎక్కించండి. నేను రెండు గంటలు ఎక్కువ పడుకుంటా. ఈ ఎండలు మొదలైనాక ఒక్కరోజూ పడుకోలా. ఒకటే మాట. పెట్టినకాడ పెట్టినట్టే ఉండాల."

"అలాగే," అన్నాను.

మధ్యాహ్నం నుంచి కిటికీలోంచి ఆ సందునే చూస్తున్నాను. ఆ వరస ఎక్కడా రాసి లేదు, పర్యవేక్షించే మనిషి లేదు. వంకరగా ఉన్నందువల్ల అది వరసే కాదని నేను తీర్పు చెప్పేశాను, ఎవరినీ ఒక్క మాట అడక్కుండా. నా చేతి కింద చదివిన పిల్లలు చూస్తే ఏమనుకునేవారో. ప్రయాణికులకు ఒక సలహా: చెన్నైలో ఏ సందులోనైనా ఖాళీ బిందె, ఇటుక, పాత బకెట్టు వరసగా కనబడితే, దారికి ఎంత అడ్డంగా ఉన్నా సరే, పక్క నుంచి నడవండి. కాలు కూడా తగలనివ్వకండి.

రేపు జరగవలసినవి:

1. నాలుగూ పదికి లేవాలి. హారికను రెండుసార్లు పిలవాలి, మూడోసారి నీళ్లు చల్లాలి.
2. నాలుగున్నరకు కస్తూరి ఐదు బిందెలూ వరస మొదట్లో పెట్టాలి. అక్కడ అప్పటికే వేరేవాళ్లవి ఉంటే, సరోజమ్మను అడిగి ఆమె చెప్పినచోట పెట్టాలి.
3. లారీ వచ్చేదాకా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాలి.
4. పుదుచ్చేరి బస్సు ముందనుకున్నట్టు ఆరింటికి కాదు, పదకొండుకు ఎక్కాలి.
5. ఆరూ పదికల్లా నీళ్లన్నీ రెండో అంతస్తులో ఉండాలి. తలుపు తట్టి కస్తూరిని లేపేది అప్పుడే, అంతకు ఒక్క నిమిషం ముందు కూడా కాదు.
6. ఆరూ నలభైకి వ్యాను కదిలేటప్పుడు ఆమె లోపల కూర్చుని ఉండాలి. అది నేను కళ్లారా చూడాలి.