శవపేటిక మీది కోడిపిల్ల

సియానా ఇంటి పైకప్పులో సెనేటర్ అల్కార్దే నవ్వుతుంటాడు. తుఫాను రేకులన్నీ ఎగరేసుకుపోయాక కపితాన్ ఎలీసియో కప్పుకోమని ఇంటింటికీ సెనేటర్ బొమ్మ ఉన్న ఫ్లెక్సీలు పంచాడు. కపితాన్ అంటే మా ద్వీపానికి పెద్ద. ఓట్ల పని ఏదైనా అతని చేతి మీదుగా జరగాల్సిందే. ఎండ తగిలితే బొమ్మ వెలిసిపోతుందని, మొహం లోపలికి వచ్చేలా దగ్గరుండి కట్టించాడు. దాంతో చాప మీద నడుం వాల్చిన ప్రతిసారీ పళ్ళెమంత పళ్ళతో సెనేటర్ ఆమె వైపే చూస్తుంటాడు.

"ఇన్ని దేవుడి పటాలు తుఫానుకి కొట్టుకుపోయాయి. వీడు మాత్రం వచ్చి నా నెత్తిన కూచున్నాడు" అనేది సియానా.

చూస్తే చూశాడు, దానికి ఆమె భయపడలేదు. ఆమెను పీక్కుతిన్నది ఇంకొకటి. గాలికి ఫ్లెక్సీ టపటపలాడుతుంది కదా, ఆ చప్పుడు కింద సన్నగా మరో చప్పుడు. టక్. టక్ టక్. గాజు మీద గింజ వేస్తే కోడిపిల్ల పొడిచినట్టు. బట్టలు ఉతుకుతున్నా, అన్నం వండుతున్నా వినపడేది. పక్కింటివాళ్ళని అడిగితే ఏమీ లేదన్నారు.

అది ఎక్కడ మొదలైందో చెప్పాలంటే తుఫాను దగ్గరికి పోవాలి.

సముద్రం ఊళ్ళోకి వచ్చి వెళ్ళింది. బావిలో ఉప్పునీళ్ళు, బురద, చచ్చిన పందులు. సియానా మొగుడు పానియో దాహం ఆపుకోలేక ఆ నీళ్ళే తాగాడు. వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ప్రార్థనలు చదివే ఊర్బానాని అతని పక్కన కూచోబెట్టి, సియానా నలుగురు ఆడవాళ్ళతో కలిసి పడవలో పట్నం వెళ్ళింది. అక్కడి బాస్కెట్‌బాల్ హాలు నిండా సంచులు గుట్టలుగా ఉన్నాయి. బియ్యం, చేపల డబ్బాలు, నీళ్ళ సీసాలు. కంటికి కనిపిస్తున్నాయి, చేతికి అందవు.

"స్టిక్కర్లు ఇప్పుడే మనీలా నుంచి దిగాయమ్మా. సెనేటర్‌గారి బొమ్మ, పేరు అంటించకుండా ఒక్క సంచి కూడా కదలదు" అంది సాయం పంచే జట్టులోని పిల్ల, సెనేటర్ పేరున్న చొక్కా వేసుకుని.

"మా ఆయనకి బాగాలేదు. ఒక్క సీసా ఇయ్యి, బొమ్మ నేను ఇంటికెళ్ళి అంటించుకుంటా."

"అందరూ అదే అంటారు. కూచుని చెయ్యి వేయండి. చేసినవాళ్ళకే ముందు."

కూచుంది. చేసింది. సియానాది పనిమంతురాలి చెయ్యి. వంకర లేకుండా, బుడగ లేకుండా, సంచికొకటి, సీసాకొకటి అంటించింది. "ఎంత బాగా అంటిస్తున్నారమ్మా!" అని ఆ పిల్ల మెచ్చుకుంటే, అంత బాధలోనూ సియానాకి రవ్వంత సంతోషం కలిగింది. ఆ సంతోషమే తర్వాత ఆమెను వదల్లేదు. హాలు మొత్తం పూర్తయ్యాక గానీ తలుపులు తీయలేదు. సీసా పట్టుకుని ఇల్లు చేరేసరికి ఊర్బానా పానియో మొహం మీద గుడ్డ కప్పేసింది.

"నీళ్ళని అడుగుతూనే పోయాడే" అంది ఊర్బానా.

శవాన్ని పేటికలో పెట్టారు. మొహం కనిపించేలా పైన గాజు. బంధువులు వచ్చారు, మా ఆచారం ప్రకారం పేకాడుతూ శవానికి జాగారం చేశారు, కాఫీ కాచారు. అప్పుడు సియానా పెరట్లోకి వెళ్ళి ఓ కోడిపిల్లను తెచ్చి గాజు మీద వదిలి, గుప్పెడు బియ్యం చల్లింది. ఇంట్లో పేకల చప్పుడు ఆగిపోయింది.

"ఒసేయ్, నీకు మతిపోయిందా? హత్యకు గురైనవాడికి పెడతారే కోడిపిల్లని! అది ఇక్కడ పొడుస్తుంటే అక్కడ చంపినవాడి గుండెలో పొడిచినట్టు ఉండాలని. రోగంతో పోయినవాడికి ఎవరైనా పెడతారా?" అంది ఊర్బానా.

"చంపినవాడు లేడని నీకెవరు చెప్పారు, మనాంగ్?"

మనాంగ్ అంటే అక్క. అలా పిలిస్తే ఊర్బానా మెత్తబడుతుంది. ఆ రోజు మాత్రం మెత్తబడలేదు.

"ఎవరిని పొడవాలో దానికి తెలియాలి. తెలియకపోతే దూరం పోదు. ఇంట్లోవాళ్ళనే పొడుస్తుంది. నేను చెప్పలేదనకు."

మర్నాడు పొద్దున సెనేటరే దిగాడు. మా దగ్గర ఓట్లు కావాల్సినవాడు పెళ్ళికి రాకున్నా చావుకి రాక మానడు. ముందు కెమెరాలు, వెనక పూలదండ, దండ మీద అతని పేరు. పేటిక దగ్గరికొచ్చి కోడిపిల్లను చూసి ముచ్చటపడ్డాడు.

"ఎంత ముద్దుగా ఉందో! ఇక్కడెందుకు పెట్టారు?"

పక్కనున్నవాడెవడో చెవిలో ఊదాడు. సెనేటర్ ఒకడుగు వెనక్కి వేశాడు. నవ్వు మాత్రం వెనక్కి పోలేదు, ఎక్కడిదక్కడే ఉంది. కపితాన్ గబగబా వచ్చి కోడిపిల్లను తీయబోతే సియానా అతని చెయ్యి పట్టుకుంది.

"ఉండనీ. అది నా చుట్టం."

సియానా కోడిపిల్ల వైపే చూస్తోంది. తలెత్తుతుందా, ఆయన వైపు తిరుగుతుందా అని. అది తలెత్తలేదు. తన మానాన తాను బియ్యం పొడుచుకుంది. సెనేటర్ శిలువ గుర్తు వేసుకుని, ఫోటో దిగి, పడవెక్కాడు.

పూడ్చిపెట్టాక కోడిపిల్లను వదిలేస్తే అది ఎటూ పోలేదు. సియానా వెంటే తిరిగి, ఆమె గోళ్ళు పొడుస్తూ గోధుమరంగు పెట్టగా ఎదిగింది. ఆ గోళ్ళ సందుల్లో స్టిక్కర్ల జిగురు ఎప్పుడో పోయింది. అయినా అక్కడే పొడిచేది. అది బయట నిద్రపోతున్నప్పుడు కూడా లోపల చప్పుడు వినిపించడం ఆ రోజుల్లోనే మొదలైంది.

ఏడాది తిరిగేసరికి సెనేటర్ అధ్యక్ష పదవికి నిలబడ్డాడు. తుఫానులో అందరికంటే ముందు చేరింది తన లారీలేనని టీవీలో రోజూ చెప్పేవాడు. కపితాన్ ఓ మధ్యాహ్నం సియానా వాకిట్లోకి వచ్చాడు. ఆమె, ఊర్బానా చేపలు చీరి ఎండబెడుతున్నారు.

"నానాయ్, మంచి కబురు తెచ్చా" అన్నాడు. నానాయ్ అంటే అమ్మ. అవసరమొస్తే అతనికి ఊరంతా అమ్మలే. "సెనేటర్‌గారు పట్నం వస్తున్నారు. మిమ్మల్ని వేదిక మీదికి పిలుస్తారు. తాను పంపిన నీళ్ళేనా మీ ఆయన ఆఖరిసారి తాగింది అని అడుగుతారు. మీరు తల ఊపండి చాలు. మాట్లాడక్కర్లేదు."

"ఊపితే?"

"పానియోకి సిమెంటు సమాధి. అలలు తాకని చోట, గుట్ట మీద. ఇప్పుడున్న మట్టిగుంట ఇంకో తుఫానుకి నిలుస్తుందంటారా?"

సియానా చేతిలో కత్తి ఆగింది. కిందటి తుఫానుకి శ్మశానం అంచు కోసుకుపోయి, ఎవరి ఎముకలు ఎవరివో తెలియకుండా ఒడ్డున తేలాయి. పానియోది ఆ అంచునే.

కపితాన్ వెళ్ళాక ఊర్బానా అంది, "ఓట్లంటే అబద్ధాలే కదే. తల ఊపితే నీ సొమ్మేం పోయింది?"

"అబద్ధాల్లో రకాలున్నాయి మనాంగ్. ఓట్లకొచ్చి ఒకడు ముసలి నడుం పెట్టుకుని గంతులేస్తాడు. వెయ్యనీ. ఒకడు మన చాప మీద కూచుని చేత్తో అన్నం తింటాడు. మెతుకులు మోచేతి దాకా. తిననీ పాపం, వాళ్ళమ్మ నేర్పలేదు. అవన్నీ పెళ్ళిచూపుల అబద్ధాలు. పానియో నన్ను చేసుకునేటప్పుడు పడవుందని చెప్పాడు. తీరా చూస్తే తెడ్డు ఉంది. అయినా కాపురం చెయ్యలేదూ?"

"మరేది తప్పంటావు?"

"చచ్చినవాడి నోట్లో మాట పెట్టడం. బతికుండగా నా మాటకే ఒక్కనాడూ అవునన్లేదు ఆయన. ఇప్పుడు వీడి మాటకి అవునంటాడా?" అని, ఇంకో చేప అందుకుని, "కానీ సమాధి, మనాంగ్. ఆయన కొట్టుకుపోతే నేనెక్కడ వెతుక్కోను?" అంది.

అలా ఒప్పుకుంది. వెళ్ళేరోజు పెట్టను బుట్టకింద మూసి వెళ్ళింది. పడవలో కూడా ఆ చప్పుడు వెంట వచ్చింది.

మైదానం నిండా జనం. పాటలు, గంతులు, పంచిన చొక్కాలు. సెనేటర్ ఆమె చెయ్యి పట్టుకుని వేదిక మధ్యకు నడిపించాడు. మెత్తటి చెయ్యి.

"అమ్మా, నిజం చెప్పండి. నేను పంపిన నీళ్ళేనా మీ ఆయన ఆఖరిసారి తాగింది?"

ఆమె తల ఊపింది. అవును, ఊపింది. సమాధి కోసం ఊపింది. ఊపిన తర్వాత తన గోళ్ళు చూసుకుంది. మైకులో సెనేటర్ ఊపిరి వినిపిస్తోంది, దాని కింద టక్ టక్. ఆమె మైకు అందుకుంది.

"తాగలేదు బాబూ. మీ నీళ్ళు మంచివే. కానీ మీ మొహాలు అంటించడం పూర్తి కాలేదు. అందాకా తలుపులు తియ్యలేదు. అంటించినవాళ్ళలో నేనూ ఉన్నాను. బాగా అంటించానని మీవాళ్ళు మెచ్చుకున్నారు కూడా."

గంతులేస్తున్నవాళ్ళు ఉన్నచోటే ఆగారు. ఆ కాసేపట్లో ఏమైనా జరగవచ్చనిపించింది. అప్పుడు సెనేటర్ ఆమెను గుండెలకు హత్తుకుని నిజంగా ఏడ్చాడు. కన్నీళ్ళు ఆమె మెడమీద వేడిగా పడ్డాయి.

"దుఃఖంలో అమ్మకు మాట తడబడుతోంది. ఇలాంటి అమ్మల కోసమే నేను నిలబడ్డాను!"

పాట ఒక్కసారిగా మోగింది. జనం చప్పట్లు కొట్టారు. వేదిక పక్కనున్న ముసలాయన ఒకడు కళ్ళు కూడా తుడుచుకున్నాడు. ఆమె ఏదో అంటూనే ఉంది, మైకు ఎప్పుడో ఆగిపోయింది.

వారంలోపే టీవీలో వచ్చింది. ఆమె తల ఊపుతుంది, అతను హత్తుకుంటాడు, వెనక పాట. ఆమె మాట ఒక్కటి కూడా లేదు. ఊళ్ళో కొత్త ఫ్లెక్సీలు కట్టారు. వాటి మీద ఆమె మొహం, అతని మొహం పక్కపక్కనే. ఓటు వేయడానికి బడికి వెళుతుంటే దారి పొడుగునా తనకు తానే ఎదురొచ్చింది. ఏ గోడ మీదా బొమ్మలేని ఒకాయనకు ఓటేసింది. ఆయనకు మా ద్వీపంలో వచ్చినవి చేతివేళ్ళకు సరిపోయాయి. గోటిమీద పూసిన ఓటు సిరాను పెట్ట ఎన్నాళ్ళో పొడిచింది, అది పోలేదు.

అల్కార్దే అధ్యక్షుడయ్యాడు. కొత్త ఫ్లెక్సీలు ఇళ్ళకప్పులకు వచ్చాయి. ఇప్పుడు ఊళ్ళో ఎవరింట్లో పడుకున్నా పైనుంచి సియానా కూడా చూస్తుంది.

అన్నమాట ప్రకారం సమాధి కట్టారు. అందులో మాత్రం తప్పలేదు. గుట్టమీద, తెల్లగా, గట్టిగా. నవంబరులో పెద్దల పండుగకు అందరూ సమాధులు కడిగి సున్నం కొట్టడానికి వచ్చారు. సియానా చీపురు పట్టుకుని పానియో దగ్గరికి వెళ్ళి నిలబడిపోయింది. పానియో పేరుకి పైన, దానికంటే పెద్దగా, ఉబ్బెత్తు సిమెంటు అక్షరాల్లో ఇంకో పేరు. ఆమెకు చదువు రాదు. కానీ ఆ ఒక్క పేరూ గుర్తుపడుతుంది. ఎన్ని సంచులమీద అంటించిందని!

నడుముకున్న కత్తి తీసింది. పానియో ఆల్చిప్పలు విప్పుకునే కత్తి. మోకాళ్ళమీద కూచుని మొదటి అక్షరం కింద మొన దూర్చింది.

టక్. టక్ టక్.

కపితాన్ పరుగెత్తుకొచ్చాడు. "నానాయ్! ఆయన ఇప్పుడు దేశానికి అధ్యక్షుడు!"

"అయితే ఆయనకి బోలెడు గోడలుంటాయి నాయనా. ఇది మా ఆయనది."

"మీరే కదా తల ఊపింది?"

"నేనే. అంటించిందీ నేనే. అందుకే తీస్తున్నా."

ఆనాడు హాల్లో ఆమె పక్కన కూచుని అంటించిన నలుగురు ఆడవాళ్ళూ తమ తమ వాళ్ళ సమాధుల దగ్గర సున్నం కుంచెలు పట్టుకుని ఆగిపోయారు. దగ్గరికి ఎవరూ రాలేదు. వెళ్ళిపోవడానికి కూడా ఎవరికీ కాలు కదల్లేదు.

"ఏమిటే ఆ చప్పుడు? ఎక్కడో విన్నట్టుంది" అంది వాళ్ళలో ఒకామె, మెల్లగా.

సియానా తల తిప్పి ఆమెను చూసింది. ఇన్నాళ్ళకు ఇంకొకరికి వినపడింది. వెంట వచ్చిన పెట్ట సమాధి మీదికెక్కి, రెక్కలో తలపెట్టుకుని కూచుంది. ఆ రోజు అది ఎవరినీ పొడవలేదు.

పొద్దు వాలేసరికి అక్షరాలన్నీ ఊడిపోయాయి. ఊర్బానా ప్రార్థన చదివి, కొవ్వొత్తి వెలిగించి రాయి ముందు పెట్టింది. అక్షరాలు పోయినచోట గుంటలు మిగిలాయి. ఆ గుంటల్లో నీడ చేరి, అదే పేరు మునుపటికంటే స్పష్టంగా కనపడింది.

"ఇంక చాల్లేవే, చేతినుంచి రక్తం కారుతోంది" అంది ఊర్బానా.

సియానా ఆ పేరు వైపు చూసింది. కత్తిమొన కొంగుతో తుడుచుకుని, మళ్ళీ మోకాళ్ళమీద కూచుంది.

టక్. టక్ టక్.