బందెలదొడ్డి కాదు, పెద్దమ్మా

నరసరావుపేటలో మా పక్కింటి పెద్దమ్మ పోయిన మంగళవారం ప్రభువునందు నిద్రించిందని శనివారం కార్డు వచ్చింది. రాసింది వాళ్ళ పాస్టరు గారు. సమాధి అప్పటికే అయిపోయింది. కింద ఇంకో వాక్యం ఉంది: మీ పుస్తకం ఆమె ఇంట్లో ఉన్నది, వచ్చి తీసుకువెళ్ళగలరు.

ఆ పుస్తకం నాది కాదు. పెద్దమ్మ మిషను ఆసుపత్రిలో చాలా ఏళ్ళు ఆయాగా పనిచేసింది. అక్కడి దొరసాని అమెరికా వెళ్ళిపోతూ ఆమె చేతిలో పెట్టిన ఇంగ్లీషు నవల అది. పెద్దమ్మకు తెలుగు బైబిలు చదవడం వచ్చు, ఇంగ్లీషు రాదు. భక్తి పుస్తకం అనుకుని బైబిలు పక్కనే పెట్టుకుంది. అట్ట మీద గుర్రమెక్కిన మనిషి బొమ్మ ఉండేది. ఆయన ఏ ప్రవక్తో చూసి చెప్పమని ఒకనాడు నన్ను పిలిచింది.

అప్పట్లో నేను పేట కోర్టు వార్తలు రాసి గుంటూరు పత్రికకు పంపేవాణ్ణి. ఆదివారం కోర్టు ఉండదు. ఆమె గుడి నుంచి రాగానే మట్టి అరుగు మీద ముక్కాలిపీట వేసేది. నేను కూర్చుని, ఒక్కో పేజీ చదివి తెలుగులో చెప్పేవాణ్ణి. పట్నం నుంచి ఒక పిల్ల, ఊరికి దూరంగా పశువులతో బతికే ఒక మనిషి ఇంటికి వంటపనికి వస్తుంది. అట్ట మీద గుర్రమెక్కింది అతనే. చుట్టూ కంచె, లోపల వేల ఆవులు. ఆ చోటును రాంచ్ అని రాశారు. ఆ మాట నాకు తెలియదు. తెలియదని చెప్పకుండా, చేలో పడిన గొడ్లను తోలి కట్టేసే బందెలదొడ్డి అన్నాను.

ఆమె ముఖం మారిపోయింది. భర్త పోయిన ఏడు ఆమె ఒక్కగానొక్క ఆవును బందెలదొడ్డికి తోలారట. ఆసుపత్రి పని వదలలేక మూడో రోజుకు గాని వెళ్ళలేకపోయింది. పాలు పితికేవాళ్ళు లేక పొదుగు రాయిలా గట్టిపడింది. ఆ ఆవు మళ్ళీ పాలివ్వలేదు. ఇదంతా చెప్పి, గుర్రం మనిషి కనబడకుండా పుస్తకాన్ని బోర్లా పెట్టింది.

ఇక ప్రతి ఆదివారం అతనికి తిట్లే. ఆవులకు కాల్చిన ఇనుముతో ముద్రలు వేసే చోట నన్ను ఆపింది. “జబ్బు లేని గొడ్డుకి వాతలేంది?”

ఆ పిల్ల అతన్ని ఇష్టపడే చోట మాత్రం తిట్టలేదు. “దానికి మాట్లాడే తోడు లేదు నాయనా. పలకరించిన ప్రతివాడూ మంచోడే అనిపిస్తాడు” అంది. నేను పేజీ తిప్పాను.

సగం దాటాక, ఆ ఆవులన్నీ అతని తండ్రి ఇచ్చినవని ఒకచోట స్పష్టంగా ఉంది. పత్రికలో తప్పు పడితే మర్నాడు సవరణ వేస్తాం. అలాగే చెప్పాను.

“అది బందెలదొడ్డి కాదు పెద్దమ్మా. అతని సొంత మంద. తప్పు నాది.”

“అయితే ఇన్నాళ్ళూ ఆయన్ని ఊరికే ఆడిపోసుకున్నానా? మొదట్నుంచీ చదువు. న్యాయంగా వింటా” అంది. పుస్తకాన్ని వెల్లకిలా తిప్పి నా చేతికిచ్చి, “సొంతవే అయితే పాలు పితికేది ఎవరు? ఆ పేజీ నువ్వే ఎగరగొట్టి ఉంటావు” అంది.

ఆ పుస్తకంలో పాలు పితికేవాళ్ళు లేరు. ఆ ఆవులను మాంసానికి పెంచుతారు. అది ఆమెకు చెప్పలేదు.

మళ్ళీ మొదలుపెట్టి మూడు ఆదివారాలు చదివాను. అంతలో గుంటూరు ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. వచ్చి పూర్తి చేస్తానన్నాను. “చానా దూరమేం కాదుగా” అంది. రెండేళ్ళలో ఒక్కసారి కూడా వెళ్ళలేదు. తీరిక లేక అని రాస్తే అది అబద్ధం.

నిన్న వెళ్ళాను. ఎదురింటి సాయిబు గారి భార్య తాళంచెవి ఇచ్చింది. పెద్దమ్మ ప్రతి ఆదివారం గుడి నుంచి వచ్చి పీట బయట వేసేదట. ఒకసారి తాను కూర్చుంటే లేవమందట.

“ఏందక్కా అంటే, పేపరబ్బాయి పీట అనింది. పోయే ముందు ఆదివారం కూడా జ్వరంతోనే వేసింది. మళ్ళీ లోపల పెట్టలేదు.”

పుస్తకం బైబిలు పక్కన వెల్లకిలా ఉంది. మట్టల ఆదివారం గుడిలో పంచిన ఆకు ముక్క, గుర్తుగా, మేము ఆపిన పేజీలోనే ఉంది. తాళం వేసే ముందు పీట లోపల పెడదామని ఎత్తాను. కింద, అరుగు మట్టిలో, మూడు కాళ్ళూ ఆనిన చోట మూడు గుంటలు పడి ఉన్నాయి.